రాత్రి ఆపిన కంప్యూటరు నిజంగా ఆగిందా? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఇంటి కంప్యూటరు గురించి అందిన ఉత్తరాలలో నుంచి ఏడింటిని ఈసారి ఎంచుకున్నాను. ఉత్తరాలు రాసినవారందరూ వాడుతున్నది విండోసే కాబట్టి జవాబులు కూడా దానిని దృష్టిలో పెట్టుకునే ఇచ్చాను.

ప్రశ్న: నా కంప్యూటరుకు ఆరేళ్లు. ఆన్ చేసిన తరువాత పది నిమిషాల దాకా ఏది నొక్కినా ఉలకదు, పలకదు. రోజూ రాత్రి తప్పకుండా షట్‌డౌన్ చేస్తాను కాబట్టి దానికి విశ్రాంతి లేదని కూడా అనలేను. వేగం పెంచే సాఫ్ట్‌వేర్ ఒకటి వేసుకోమని మిత్రులు సలహా ఇస్తున్నారు. వేసుకోవచ్చా?

జవాబు: వద్దు. నెమ్మదించిన కంప్యూటరులో సాధారణంగా ఉన్నవే ఎక్కువై ఉంటాయి; వాటి మీదికి ఇంకొకటి తెచ్చి వేయడం ఇరుకు గదిని సర్దడానికి మరో బీరువా కొన్నట్టు ఉంటుంది. అసలు ఇబ్బంది ఎక్కడుందో ముందు చూద్దాం.

రోజూ షట్‌డౌన్ చేస్తున్నానన్నారు గనుక అక్కడి నుంచే మొదలుపెడతాను. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో పెర్ఫార్మెన్స్ అన్న చోట సీపీయూను ఎంచుకుని, కింది భాగంలో అప్ టైమ్ అని ఉన్న అంకెలను చూడండి. మొదటిది రోజులు, ఆ తరువాతివి గంటలు, నిమిషాలు, సెకన్లు. నిన్న రాత్రే ఆపిన కంప్యూటరులో మొదటి అంకె సున్నా ఉండాలి కదా! చాలామందికి అక్కడ పన్నెండో, ఇరవయ్యో కనిపిస్తుంది. విండోస్ 8తో వచ్చిన ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు దీనికి కారణం. మీరు షట్‌డౌన్ నొక్కినప్పుడు తెరిచి ఉన్న ప్రోగ్రాములు మూతపడతాయి గాని, విండోస్‌లోని మూలభాగం, అంటే కెర్నెల్, ఆ క్షణాన ఏ స్థితిలో ఉందో అదే స్థితిలో డిస్కు మీద భద్రం అవుతుంది. తెల్లవారి ఆన్ చేయగానే దానినే తిరిగి పైకి తీస్తుంది. త్వరగా తెరుచుకోవడానికి ఇది మంచి ఉపాయమే. కానీ ప్రింటరు, తెర వంటి పరికరాలను విండోస్‌తో కలిపి నడిపించే ప్రోగ్రాము, అంటే డ్రైవరు, ఏదైనా నిన్న తికమకపడి ఉంటే ఆ తికమక ఈ రోజుకూ చెక్కుచెదరకుండా వస్తుంది. రీస్టార్ట్ నొక్కినప్పుడు మాత్రం ఈ దాచుకోవడం ఉండదు, అంతా మొదటి నుంచి మొదలవుతుంది. అందువల్ల వారానికి ఒకసారైనా షట్‌డౌన్‌కు బదులు రీస్టార్ట్ చేయండి. నా దగ్గరకు వచ్చిన ఫిర్యాదుల్లో కొన్ని ఈ ఒక్క పనితోనే తీరిపోయాయి.

తరువాత అదే టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ యాప్స్ అన్న చోటికి వెళ్లండి. కంప్యూటరు తెరుచుకోగానే మీరు పిలవకుండా లేచి కూర్చునే ప్రోగ్రాముల జాబితా అది. ప్రింటరుతో పాటు వచ్చినది, ఎప్పుడో ఒకసారి వీడియో కాల్ కోసం వేసుకున్నది, ఆటల కోసం పిల్లలు దించినది, ఇలా అన్నీ వరుసగా ఉంటాయి. ఏది ఎంత భారమో పక్కన హై, మీడియం, లో అని రాసి ఉంటుంది. రోజూ వాడని వాటిని ఎంచుకుని డిజేబుల్ చేయండి. దీనివల్ల ప్రోగ్రాము పోదు, మీరు తెరిచినప్పుడు మామూలుగానే పనిచేస్తుంది. పిలవని పేరంటానికి రావడం మాత్రం మానుతుంది. విండోస్ సెక్యూరిటీ, శబ్దానికి, టచ్‌ప్యాడ్‌కు సంబంధించినవాటి జోలికి వెళ్లకండి.

ఇంత చేసినా ఆ పది నిమిషాలూ తగ్గకపోతే, కదలకుండా ఉన్న ఆ సమయంలోనే పెర్ఫార్మెన్స్‌లో డిస్క్ అన్న దానిని గమనించండి. అది నూటికి నూరు శాతం దగ్గర నిలిచిపోయి, సీపీయూ మాత్రం ఖాళీగా ఉంటే, మీది బహుశా తిరిగే పళ్లెం ఉన్న పాత రకపు హార్డ్ డిస్కు అయి ఉంటుంది. దాని పళ్లెం నిమిషానికి 5,400 లేదా 7,200 సార్లు తిరుగుతుంది, సూది ఒక చోటి నుంచి మరో చోటికి కదలాలి. కాబట్టి చెల్లాచెదురుగా ఉన్న చిన్న చిన్న ఫైళ్లను చదవవలసి వచ్చినప్పుడు సెకనుకు వంద, నూటయాభై చోట్లకు మించి వెళ్లలేదు. కదిలే భాగాలు లేని కొత్త రకపు డిస్కు, ఎస్ఎస్‌డి, అదే సెకనులో వేల చోట్ల నుంచి చదవగలదు. విండోస్ తెరుచుకోవడమంటే వేలకొద్దీ చిన్న ఫైళ్లను చదవడమే. పాత కంప్యూటరుకు ఏదైనా ఒకటి చేర్చమని నేను ధైర్యంగా చెప్పగలిగేది ఈ ఎస్ఎస్‌డినే. డిస్కు కాక మెమరీ నిండిపోయి కనిపిస్తే, 4 జీబీ ర్యామ్‌ను 8కి పెంచుకోవడం, అంతకన్నా ముందు బ్రౌజరులో తెరిచి మరిచిపోయిన ట్యాబులను మూసేయడం మార్గం.

ఇక వేగం పెంచుతామనే సాఫ్ట్‌వేర్ల సంగతి. వాటిలో చాలా భాగం రిజిస్ట్రీని, అంటే విండోస్, ప్రోగ్రాములు తమ సెట్టింగులను రాసుకునే పట్టికను, శుభ్రం చేస్తామంటాయి. రిజిస్ట్రీలో పనికిరాని వంద వరుసలు తీసివేసినంత మాత్రాన కంటికి తెలిసే వేగం రాదు, పొరపాటున పనికొచ్చే వరుస ఒకటి పోతే మాత్రం ఏదో ఒక ప్రోగ్రాము మూలపడుతుంది. ఇలాంటి పరికరాల వాడకాన్ని తాము సమర్థించబోమని మైక్రోసాఫ్ట్ స్పష్టంగా చెప్పింది. పైగా 2017లో సీక్లీనర్ అనే ఎంతో పేరున్న శుభ్రపరిచే ప్రోగ్రాము తయారీ వ్యవస్థలోకే దొంగలు చొరబడి, దాని 5.33 వెర్షనులో హానికరమైన కోడ్ కలిపారు. దానిని అధికారిక చోటు నుంచే దించుకున్నవారు 22 లక్షలకు పైగా ఉన్నారు. తయారీదారులు తరువాత దానిని సరిచేశారు. అయినా అవసరం లేని ప్రోగ్రాము ఎంత మంచిదైనా ఇంటికి అదనంగా పెట్టిన ఇంకో తలుపేనని నేను అప్పటి నుంచి అనుకుంటున్నాను.

ప్రశ్న: నెల రోజులుగా తెర కింద కుడి మూలన 'మీ కంప్యూటరులో ఐదు వైరస్‌లు ఉన్నాయి' అని హెచ్చరిక వస్తోంది. విండోస్ సెక్యూరిటీతో పూర్తిగా స్కాన్ చేస్తే ఏమీ లేవంటోంది. ఎవరి మాట నమ్మాలి?

జవాబు: విండోస్ సెక్యూరిటీ మాటే. మీరు చూస్తున్నది వైరస్ కాదు, యాంటీవైరస్ కూడా కాదు. ఒక వెబ్‌సైటు పంపుతున్న నోటిఫికేషన్. ఏదో పేజీలో 'మీరు రోబోట్ కాదని నిరూపించడానికి అలౌ నొక్కండి' అని కనిపించి ఉంటుంది, తొందరలో మీరో, ఇంట్లో మరొకరో నొక్కి ఉంటారు. ఆ నొక్కుడుతో ఆ సైటుకు మీ తెర మీద ఎప్పుడు కావాలంటే అప్పుడు మాట్లాడే అనుమతి దొరికింది. ఆ హెచ్చరికను ఒకసారి దగ్గరగా చూడండి: అందులో క్రోమ్ లేదా ఎడ్జ్ అన్న పేరు, దాని పక్కన ఎప్పుడూ వినని ఒక సైటు చిరునామా చిన్న అక్షరాలలో ఉంటాయి. బ్రౌజరు సెట్టింగులలో ప్రైవసీకి సంబంధించిన విభాగంలో సైట్ పర్మిషన్లు, వాటిలో నోటిఫికేషన్లు తెరిస్తే అనుమతి పొందినవారి జాబితా వస్తుంది. తెలియని పేర్లన్నీ తీసివేయండి. కొత్తవారు అనుమతి అడగకుండా అక్కడే ఆపివేయవచ్చు కూడా. పనిలో పనిగా బ్రౌజరు ఎక్స్‌టెన్షన్ల, అంటే బ్రౌజరుకు అదనంగా తగిలించే చిన్న ప్రోగ్రాముల, జాబితాను కూడా చూసి, ఎందుకు వేశారో గుర్తురాని వాటిని తొలగించండి.

దీనికే పెద్దన్న ఇంకొకటి ఉంది. తెర మొత్తం ఎర్రగానో నీలంగానో మారి, గంట మోగుతూ, 'ఆపివేయవద్దు, వెంటనే ఈ నంబరుకు ఫోన్ చేయండి' అంటుంది. అదీ వెబ్ పేజీయే, తెర నిండా పరుచుకున్నదంతే. ఆల్ట్, ఎఫ్4 కలిపి నొక్కండి, పోకపోతే టాస్క్ మేనేజర్ నుంచి బ్రౌజరును మూయండి, అదీ కుదరకపోతే పవర్ మీటను పది సెకన్ల పాటు నొక్కి పట్టుకోండి. తిరిగి తెరిచినప్పుడు పాత పేజీలను పునరుద్ధరించాలా అని బ్రౌజరు అడిగితే వద్దనండి. నిజమైన విండోస్ హెచ్చరికలో ఫోన్ నంబరు ఎన్నడూ ఉండదు.

ఆ నంబరుకు ఫోన్ చేసినవారికి ఏం జరుగుతుందో కూడా చెప్పాలి. అవతలి మనిషి మర్యాదగా మాట్లాడుతూ ఈవెంట్ వ్యూయర్ అనే దానిని తెరిపిస్తాడు. అందులో ఎర్ర గుర్తులు, పసుపు గుర్తులు వరుసలు వరుసలుగా కనిపిస్తాయి. 'చూశారా, ఇవన్నీ చొరబాటుదారుల గుర్తులు' అంటాడు. ఈ జవాబు రాస్తున్న నా కంప్యూటరులోనూ అలాంటి గుర్తులు లెక్కపెట్టలేనన్ని ఉన్నాయి. ఒక సేవ మొదలుకావడం రెండు సెకన్లు ఆలస్యమైనా, ప్రింటరు దొరకకపోయినా విండోస్ అక్కడ ఒక వరుస రాసుకుంటుంది. అది దినచర్య పుస్తకం, నేరాల చిట్టా కాదు. అది చూసి భయపడినవారి చేత దూరం నుంచి కంప్యూటరును నడిపే ప్రోగ్రామును వేయించుకోవడమే వాడి అసలు ఉద్దేశం. ఇప్పటికే ఎవరైనా అలా వేసి ఉంటే, ముందుగా నెట్ కనెక్షన్ తీసేయండి. వేరే ఫోను నుంచి బ్యాంకుకు తెలియజేసి, ఈమెయిల్‌తో మొదలుపెట్టి పాస్‌వర్డులన్నీ మార్చండి. ముఖ్యమైన ఫైళ్లు బయటికి తీసుకుని విండోస్‌ను కొత్తగా వేసుకోండి. ఆ ప్రోగ్రాము ఒక్కటి తొలగిస్తే చాలదా అని అడగవచ్చు. వాడు వెళుతూ ఇంకేమి వదిలిపెట్టాడో మనకు తెలియదు కదా.

ప్రశ్న: ఒక యాంటీవైరస్ ఉంది. రెండోది కూడా వేస్తే రక్షణ రెట్టింపు అవుతుందా?

జవాబు: కాదు. తెరిచే ప్రతి ఫైలునూ రెండూ ఒకేసారి పట్టుకుని పరీక్షించబోతాయి, ఒకటి నిర్బంధించిన ఫైలును రెండోది ప్రమాదమనుకుంటుంది, నడుమ నలిగిపోయేది మీ పని. విండోస్‌తో పాటు వచ్చే డిఫెండర్ ఈ సంగతి తెలిసే, ఇంకొక యాంటీవైరస్ వేస్తే తాను పక్కకు తప్పుకుంటుంది. ఇంటి వాడకానికి డిఫెండర్ ఒక్కటి సరిపోతుందని నా అభిప్రాయం.

ప్రశ్న: విండోస్ 10 వాడుతున్నాను, ఏ ఇబ్బందీ లేదు. అప్‌డేట్లు వచ్చిన రోజున కంప్యూటరు నెమ్మదిస్తోందని వాటిని ఆపేశాను. ఇప్పుడేమో విండోస్ 10కి గడువు తీరిందంటున్నారు. బాగా నడుస్తున్న దానిని ఎందుకు మార్చాలి?

జవాబు: నడవడం వేరు, కాపలా ఉండటం వేరు. తాళం పాడైన తలుపు కూడా బాగానే మూసుకుంటుంది, తెరుచుకుంటుంది.

2017లో జరిగిన ఒక సంఘటన చెబితే అప్‌డేట్ల విలువ తెలుస్తుంది. విండోస్‌లో ఫైళ్లను నెట్‌వర్క్ మీద పంచుకునే భాగంలో ఒక లోపం ఉందని గుర్తించి, మైక్రోసాఫ్ట్ ఆ సంవత్సరం మార్చి 14న సవరణ విడుదల చేసింది. మే 12న వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ సరిగ్గా ఆ లోపం గుండానే ప్రవేశించి, నూటయాభై దేశాలలో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. మందు వచ్చి రెండు నెలలు కావస్తోంది, అయినా అన్ని కంప్యూటర్లు దెబ్బతిన్నాయి. ఎవరూ ఏ లింకూ నొక్కకుండానే అది ఒక కంప్యూటరు నుంచి మరొక దానికి పాకింది కాబట్టి, 'నేను జాగ్రత్తగా ఉంటాను, నాకేమీ కాదు' అన్న ధీమా ఇలాంటి చోట పనికిరాదు. సవరణ విడుదలైందంటే లోపం ఎక్కడుందో అందరికీ తెలిసినట్టే. దొంగలు కూడా ఆ సవరణను చదివి లోపలికి దారి కనిపెడతారు.

మైక్రోసాఫ్ట్ నెలవారీ సవరణలు ప్రతి నెలా రెండో మంగళవారం విడుదలవుతాయి. ఆ తరువాతి ఒకటి రెండు రోజులు కంప్యూటరు కొంత బరువుగా ఉంటే అది సహజమే. పూర్తిగా ఆపివేయకుండా, మీరు పనిచేసే గంటలను యాక్టివ్ అవర్స్‌లో పేర్కొంటే ఆ వేళలో దానంతట అది రీస్టార్ట్ కాదు. సి డ్రైవు నిండిపోతే అప్‌డేట్లు మధ్యలో ఆగుతాయి, కాబట్టి పదో పదిహేనో శాతం ఖాళీ ఉంచండి.

విండోస్ 10కి ఉచిత సవరణలు 2025 అక్టోబరు 14తో ముగిశాయి. ఇళ్లలో వాడేవారి కోసం పొడిగించిన భద్రతా సవరణల పథకం ఒకటి ఉంది, దానిలో చేరినవారికి 2026 అక్టోబరు 13 వరకు సవరణలు అందేలా ఏర్పాటు చేశారు. అది తాత్కాలిక ఊరట. విండోస్ 11కి వెళ్లాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు, తెరుచుకునేటప్పుడు నకిలీ ప్రోగ్రాములను అడ్డుకునే సెక్యూర్ బూట్, కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ నిల్వ, జాబితాలో ఉన్న ప్రాసెసరు కావాలి. టీపీఎం ఉండి కూడా బయోస్‌లో, అంటే విండోస్ కన్నా ముందు లేచే మూల సెట్టింగులలో, ఆపివేసి ఉన్న కంప్యూటర్లు కొన్ని ఉంటాయి, కాబట్టి లేదని తేల్చేముందు అక్కడ ఒకసారి చూడండి. నిజంగానే అర్హత లేకపోతే, ఆ నిబంధనలను దాటవేసే చిట్కాల కన్నా విండోస్‌కు బదులు వాడుకునే లినక్స్ మింట్ వంటి ఉచిత వ్యవస్థను నేను ఇష్టపడతాను. బ్రౌజరు, ఈమెయిల్, ఉత్తరాలు రాసుకోవడం, సినిమాలు చూడటం వరకు పాత కంప్యూటరు దాని మీద హాయిగా సాగుతుంది. పెన్‌డ్రైవ్ నుంచి తెరిచి, ఏదీ మార్చకుండా ముందు చూసుకునే వీలు కూడా ఉంది.

ప్రశ్న: పాస్‌వర్డులన్నీ ఒక నోటు పుస్తకంలో రాసి బీరువాలో పెట్టుకుంటాను. మా అబ్బాయి అది చాలా ప్రమాదమంటాడు. మూడు నెలలకోసారి అన్నిటినీ మార్చుతున్నాను కూడా.

జవాబు: మీ అబ్బాయి కన్నా మీరే న్యాయం దగ్గర ఉన్నారు. నెట్ గుండా వచ్చే దొంగ మీ బీరువా తెరవలేడు. ప్రమాదం పుస్తకంలో లేదు, ఒకే పాస్‌వర్డును పది చోట్ల వాడటంలో ఉంది. ఎక్కడో ఒక చిన్న సైటు నుంచి అది బయటపడితే, దానినే మిగతా తొమ్మిది చోట్లా ప్రయత్నించే పని యంత్రాలే చేస్తాయి.

మూడు నెలలకోసారి మార్చడం మాత్రం మానుకోండి. ఈ ఆచారం ఎక్కువగా అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2003-04 ప్రాంతంలో వెలువరించిన మార్గదర్శకాల నుంచి వ్యాపించింది. పెద్దక్షరం, అంకె, ప్రత్యేక గుర్తు ఉండాలన్న నియమమూ అక్కడిదే. మార్చమని ఒత్తిడి చేస్తే మనుషులు చివరి 1ని 2 చేసి ఊరుకుంటారని అనుభవంలో తేలింది. 2017లో నిస్ట్ ఆ రెండు నియమాలనూ వెనక్కి తీసుకుంది. బయటపడిందన్న ఆధారం ఉంటేనే మార్చండి, వంకర గుర్తుల కన్నా పొడవు ముఖ్యం అని చెప్పింది. ఆ పాత పత్రం రాసిన బిల్ బర్ కూడా తాను రాసిన దానిలో చాలా భాగానికి విచారిస్తున్నానని అదే సంవత్సరం ఒప్పుకున్నారు. సంబంధం లేని నాలుగైదు మాటలు కలిపి రాసుకుంటే పొడవూ వస్తుంది, గుర్తూ ఉంటుంది. పుస్తకం పెద్దదైపోతే పాస్‌వర్డులన్నిటినీ ఒక చోట తాళం వేసి దాచే బిట్‌వార్డెన్, కీపాస్ వంటి పాస్‌వర్డ్ మేనేజర్లు ఉన్నాయి. ఏ పద్ధతి అయినా, ఈమెయిల్‌కు రెండంచెల ధ్రువీకరణ, అంటే పాస్‌వర్డుతో పాటు ఫోనుకు వచ్చే కోడ్ వంటి రెండో రుజువు, తప్పనిసరిగా పెట్టుకోండి. మిగతా అన్ని ఖాతాల పాస్‌వర్డులనూ మార్చుకునే లింకు వచ్చేది ఆ ఈమెయిల్‌కే.

ప్రశ్న: ఇంట్లో అందరం ఒకే ఖాతాతో కంప్యూటరు వాడతాము. పిల్లలు ఆటల కోసం ఏవేవో దించుతుంటారు. కంప్యూటరు పాడవకుండా ఎలా కట్టడి చేయాలి?

జవాబు: పిల్లలకు వేరే ఖాతా ఇవ్వండి, అది అడ్మినిస్ట్రేటర్ కాని స్టాండర్డ్ ఖాతా కావాలి. దాని నుంచి కంప్యూటరు మొత్తానికి వర్తించే ప్రోగ్రాము వేయబోతే పెద్దల పాస్‌వర్డు అడుగుతుంది. రోజువారీ పనికి మీరు కూడా స్టాండర్డ్ ఖాతానే వాడితే ఇంకా మంచిది, ఎందుకంటే ఏ హానికరమైన ప్రోగ్రాము నడిచినా అది నడిపినవారికి ఉన్న అధికారంతోనే నడుస్తుంది.

రెండో పని చిన్నది. విండోస్ తనంతట తాను ఫైలు పేరులో చివరి తోకను, అంటే ఎక్స్‌టెన్షనును, దాచిపెడుతుంది. 2000 మే నెలలో ప్రపంచమంతా పాకిన ఐలవ్‌యూ వైరస్ దీనినే ఆసరా చేసుకుంది. దాని ఫైలు పేరు టీఎక్స్‌టీ (మామూలు రాత ఫైలు తోక) అని, ఆ తరువాత వీబీఎస్ (ప్రోగ్రాము తోక) అని ముగిసేది. చివరిది దాగిపోవడంతో చూసినవారికి అది మామూలు ప్రేమలేఖలా కనిపించింది, నొక్కగానే ప్రోగ్రామై నడిచింది. ఇప్పటికీ ఉచిత ఆట అనో, బిల్లు అనో వచ్చే ఫైళ్లలో ఈ వేషమే కనిపిస్తుంది. విండోస్ 11 అయితే ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ, దానిలో షో, దానిలో ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ ఎంచుకోండి. ఫోటో అని వచ్చిన ఫైలు చివర ఈఎక్స్ఈ అని ఉంటే అది ప్రోగ్రామే తప్ప ఫోటో కానే కాదని పిల్లలకు ఒక్కసారి చూపించండి, వాళ్లు మనకన్నా త్వరగా పట్టేస్తారు. డబ్బు పెట్టి కొనవలసిన ఆటను ఉచితంగా ఇచ్చే 'క్రాక్' వేయబోతూ యాంటీవైరస్‌ను కాసేపు ఆపమంటే, ఎందుకు ఆపమంటున్నారో కూడా వాళ్లనే ఆలోచించమనండి.

ప్రశ్న: పదిహేనేళ్ల కుటుంబ ఫోటోలు కంప్యూటరులో ఉన్నాయి. బయటి హార్డ్ డిస్కు ఒకటి కొని, ఎప్పటికప్పుడు కాపీ అయ్యేలా కంప్యూటరుకే తగిలించి ఉంచాను. ఇది చాలునా?

జవాబు: కంప్యూటరులోని డిస్కు పాడైన సందర్భానికి ఇది చాలుతుంది, రాన్సమ్‌వేర్ వచ్చిన సందర్భానికి చాలదు. అది కంప్యూటరుకు తగిలించి ఉన్న ప్రతి డ్రైవులోనూ ఫైళ్లకు తాళం వేస్తుంది. కాపీ అయిపోగానే డిస్కును తీసి దాచండి. తమ వృత్తి రీత్యా ఫోటోలు పోగొట్టుకోకూడని ఫోటోగ్రాఫర్లలో పీటర్ క్రో అనే ఆయన ప్రచారం చేసిన లెక్క ఒకటి ఉంది: మొత్తం మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, వాటిలో ఒకటి ఇంటికి దూరంగా. మూడోది క్లౌడ్, అంటే నెట్‌లో అద్దెకు దొరికే నిల్వ, కావచ్చు, బంధువుల ఇంట్లో ఉంచిన ఇంకొక డిస్కు కావచ్చు. అయితే క్లౌడ్ ఫోల్డరును నమ్మేముందు ఒక సంగతి గుర్తుంచుకోండి. అది చాలాచోట్ల అద్దం లాంటిది, ఇక్కడ మీరు పొరపాటున తీసివేసినది కొంత గడువు తరువాత అక్కడా ఉండదు.

మీ ఉత్తరంలో లేని ప్రశ్నకు కూడా జవాబు చెబుతాను, ఎందుకంటే దీనివల్ల ఫోటోలు పోగొట్టుకున్నవారు ఈ మధ్య ఎక్కువగా రాస్తున్నారు. కొత్త విండోస్ 11 కంప్యూటర్లలో చాలావాటికి మైక్రోసాఫ్ట్ ఖాతాతో మొదలుపెట్టగానే డిస్కు మొత్తం ఎన్‌క్రిప్ట్ అవుతుంది, అంటే తాళంచెవి లాంటి కీ లేనిదే చదవలేని రూపంలోకి మారుతుంది. కంప్యూటరు దొంగల పాలైనప్పుడు ఇది మేలే చేస్తుంది. కానీ మదర్‌బోర్డు మార్చినా, బయోస్‌లో ఏదైనా కదిలించినా నీలి తెర మీద 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు, అది లేనిదే మీ ఫోటోలు మీకు కూడా దొరకవు. ఆ కీ సాధారణంగా మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో భద్రమై ఉంటుంది. ఈ రోజే అందులోకి వెళ్లి చూసి, ఒక కాగితం మీద రాసుకుని, కంప్యూటరు పక్కన కాకుండా వేరే చోట పెట్టుకోండి. ఆ తరువాత బయటి డిస్కును మరొక కంప్యూటరుకు తగిలించి, అందులో అన్నిటికన్నా పాత ఫోటో ఒకటి తెరుచుకుంటుందో లేదో చూడండి.